బాలుని యాడ దాచిపెట్టినావు

1998 ప్రాంతంలో మా పాళెంలో ఏ ఇంట్లో ఏ ఛానల్ కనపడాలో తేల్చేది నేనే. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారి చివర, సముద్రం ఒడ్డున ఉండే జాలరుల పట్టపుపాళేల్లో మాదొకటి. మా నాయన అక్కడ బడిపంతులు. నేను నెల్లూరులో డిగ్రీ చదివి, మద్రాసులో కొన్నాళ్లు ఉద్యోగం వెలగబెట్టి, తిరిగొచ్చి కేబుల్ టీవీ పెట్టాను. మిద్దె మీద డిష్‌లు, కింద చిన్న గదిలో రిసీవర్లు, మాడ్యులేటర్లు, ఒక వీసీఆర్, ఒక మానిటర్. అదే కంట్రోల్ రూమ్. అక్కణ్ణుంచి వైరు కొబ్బరి చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ పోయేది. ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టేవి. ఎప్పుడు చూసినా ఎవరింట్లోనో బొమ్మ మసకబారేది, నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తేవాణ్ణి.

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో కేబులోడి చేతిలో పెద్ద అధికారం ఉండేది. పాత టీవీలకు రెండో నంబరు నుంచి పన్నెండో నంబరు దాకానే ఛానళ్లు అందేవి. టకటకా తిప్పే నాబ్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ సెట్టు అంతకు మించి పట్టుకోలేదు. దాన్నే మేం ప్రైమ్ బ్యాండ్ అనేవాళ్లం. పక్కపక్క నంబర్లు రెండూ నింపితే, మా చవక సామాను మీద ఒక బొమ్మలోకి ఇంకో బొమ్మ వచ్చి పడేది. కాబట్టి నిజంగా పనికొచ్చేవి ఆరో ఏడో. ఆ పైన ఎస్ బ్యాండ్. అది రిమోట్ ఉన్న కొత్త కలర్ టీవీలకే అందుతుంది. పాళెంలో అలాంటి టీవీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రైమ్ బ్యాండ్‌లో ఉన్న ఛానల్ బీదవాడి ఇంట్లో పలుకుతుంది, పైకి నెట్టిన ఛానల్ ఉన్నోళ్ల సొత్తు అయిపోతుంది. 1995 నాటి కేబుల్ చట్టం దూరదర్శన్‌ను తప్పకుండా ఇవ్వాలంది. 2000లో దాన్ని సవరించి, దూరదర్శన్ ఛానళ్లు రెండూ, రాష్ట్ర భాషలో వచ్చేది ఒకటీ ప్రైమ్ బ్యాండ్‌లోనే ఉండి తీరాలని కట్టడి చేశారు. అలాంటి కట్టడి ఎందుకు అవసరమో నాకు తెలుసు. దానికి రెండేళ్ల ముందు నేను చేసిన పనే అందుకు సాక్ష్యం.

తెలుగు శాటిలైట్ ఛానళ్లు అప్పటికి కొత్త. జెమినీ, ఈటీవీ రెండూ 1995లో పుట్టినవే. అంతకు ముందు మాకు దూరదర్శన్ ఒక్కటే దిక్కు: శుక్రవారం చిత్రలహరి, వారానికో సినిమా. దక్షిణాన తడ, సూళ్లూరుపేట వైపు వాళ్లు పొడుగాటి యాంటెన్నా ఎత్తి మద్రాసు స్టేషన్ పట్టుకుని ఒలియుం ఒలియుం కార్యక్రమంలో అరవ పాటలు చూసేవాళ్లు. అలాంటిది ఒక్కసారిగా పొద్దస్తమానం తెలుగు. సినిమాలు, పాటలు, సీరియళ్లు. పొద్దున వేటకు పోయొచ్చిన మగవాళ్లు, గంపలు దించిన ఆడవాళ్లు, బడి నుంచి వచ్చిన పిల్లలు, అందరూ టీవీ ముందే. నాకు ఒళ్లు మండేది.

మద్రాసులో ఉన్నప్పుడు నేనొక ఫిల్మ్ సొసైటీలో తిరిగాను. సత్యజిత్ రాయ్, కురొసావా, డి సికా. ఆ సినిమాలు నన్ను మార్చిన మాట నిజం, వాటి మీద ఇవాళ్టికీ నాకు అంతే ప్రేమ. కానీ ఆ ప్రేమతో పాటు ఇంకోటి కూడా అంటించుకుని వచ్చాను. మనవాళ్లకు రుచి తెలియదు, ఏది పడేస్తే అది చూస్తారు, మంచిది ముందు పెడితే అదే అలవాటవుతుంది అనే నమ్మకం. చూసేవాళ్లకు సొంత ఎంపిక ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఒక రాత్రి కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఈటీవీని ప్రైమ్ బ్యాండ్ నుంచి తీసి ఎస్ బ్యాండ్‌లో పడేశాను. ఆ స్థానంలో డిస్కవరీ పెట్టాను. డబ్బు కట్టి డీకోడర్ తెచ్చి స్టార్ మూవీస్ కూడా కింద బ్యాండ్‌లోకి దించాను. జెమినీని మాత్రం ముట్టుకోలేదు. రెండూ తీస్తే కనెక్షన్లు పోతాయని భయం. పాళెంవాళ్ల మీద దయతో చేస్తున్నాననే అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు.

మర్నాడు ఎవరూ గొడవ చేయలేదు. డిస్కవరీ కూడా ఎవరూ చూడలేదు. సాయంత్రం అయ్యేసరికి, కలర్ టీవీ ఉన్న ఐసు ఫ్యాక్టరీ ఆయన ఇంటి వసారా నిండిపోయింది. చాపలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. నా వైరు వాళ్ల ఇళ్లలోకి మోసుకొచ్చే సరుకును వదిలేసి, పక్కింటి గుమ్మంలో ఒదిగి కూర్చుని తమకు కావలసింది చూసుకున్నారు. ఆ వసారా ముందు నుంచి సైకిల్ మీద పోతూ కూడా నాకు బుద్ధి రాలేదు. మొండితనం అనుకున్నాను.

తరవాత ఒక రోజు మేమందరం పెద్దమ్మ అని పిలిచే ఆమె మిద్దె మెట్లెక్కి వచ్చింది. నెల్లూరులో చేపలు అమ్ముకుని అప్పుడే బస్సు దిగింది. గంప గుమ్మం దగ్గర దించి అడిగింది.

“ఏందబ్బయా, బాలుని యాడ దాచిపెట్టినావు?”

ఆమె అడుగుతున్నది గాయకుడు బాలు ఈటీవీలో నడిపించే పాటల పోటీ, పాడుతా తీయగా గురించి. ఆ కార్యక్రమం మొదలై అప్పటికి రెండేళ్లయింది.

“అంతకన్నా మంచివి పెట్టా పెద్దమ్మా. సముద్రం అడుగున ఉండే చేపలు కూడా చూపిస్తారు, చూడు,” అన్నాను.

“చూశాలే రాత్రి. సొర గురించి ఏందో చెప్తన్నాడు ఆ మడిసి. సొర తెలస్తంది, మాట తెలీలా. సముద్రం నాకు ఆయన చూపించేదేంది? నాకు పాట కావాల.”

ఆ రోజు పాడుతా తీయగా వచ్చే రోజే. ఇక్కడే చూస్తానని కింద కూర్చుంది. చేసేది లేక మానిటర్ పెట్టాను. నాకు ఆ గంట బాగా గుర్తుంది. ఆమె పాట వింటున్నంతసేపూ కుడిచేతి వేళ్లు మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాయి. ఒక కుర్రాడు పాడుతున్నాడు. “పల్లవి బాగా ఎత్తుకున్నాడు,” అంది. చరణం రాగానే మొహం చిట్లించింది. “మాటని మజ్జలో ఇరిచేసినాడబ్బయా. ఊపిరి అంతకు ముందే తీసుకోవాల. చూడు, బాలు ఊరుకోడు.” పాట అయింది. ఆయన ఆ కుర్రాణ్ణి మెచ్చుకుని, సరిగ్గా ఆ మాట దగ్గరికే వెళ్లి ఆగారు. ఆ షో చూసినవాళ్లకు తెలుసు, ఉచ్చారణ విషయంలో, పదాన్ని ఎక్కడ విరవాలనే విషయంలో ఆయన ఎంత పట్టుదలగా ఉండేవారో. పెద్దమ్మ నా వైపు తిరిగి చూడను కూడా లేదు. ఆమె నాకేమీ రుజువు చేయడానికి రాలేదు, పాట వినడానికి వచ్చింది.

ఆ చెవి ఆమెకు ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను అడగలేదు, ఆమే మాటల్లో చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు తిరునాళ్లలో తెల్లవార్లూ పద్యనాటకాలు చూసింది. నెల్లూరులో సాంబమూర్తి గారి హరికథ విన్నది. సాంబమూర్తి గారంటే బాలు తండ్రి, పేరున్న హరికథకులు. కొడుకు 1966లో సినిమాకు మొదటి పాట పాడాడు. పాళెంవాళ్లకు బాలు ఇంట్లో పిల్లాడు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఆయన ఇల్లు ఫలానా అని చేపలమ్మే ఆడవాళ్లు వేలు పెట్టి చూపించగలిగేవాళ్లు. పద్యనాటకం, హరికథ, రేడియో, టూరింగ్ టాకీసు, టీవీ, వీటన్నిటి గుండా ఒకే చెవి నడిచొచ్చింది. దాన్ని నేను అలవాటు లేని చెవి అనుకున్నాను, నేర్పాలనుకున్నాను. అక్షరం రాని మనిషి కాబట్టి వినడం కూడా రాదనుకున్నాను.

ఇంకో సంగతి ఉంది, అది ఇంతకన్నా సిగ్గుచేటు. ఈటీవీని పైకి నెట్టినా కంట్రోల్ రూమ్‌లో దాని రిసీవర్ నడుస్తూనే ఉంది కదా. రాత్రుళ్లు తలుపు వేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నేనూ ఆ షో వినేవాణ్ణి. పెద్దమ్మ రాక ముందు కూడా. శంకరాభరణం పాటలు మొదటి నుంచి చివరిదాకా నాకు కంఠతా వచ్చు. ఆత్రేయ పాట ఒకటి వస్తే పని ఆపి కూర్చునేవాణ్ణి. మద్రాసు స్నేహితులకు ఉత్తరాలు రాసేటప్పుడు మాత్రం ఆ ఊసు ఎత్తేవాణ్ణి కాదు. ఊళ్లో రుచి గురించి వాపోతూ పేజీలు నింపేవాణ్ణి. అంటే పాళెంవాళ్లకు నచ్చింది నాకు నచ్చకపోవడం కాదు అసలు గొడవ. నాకూ అదే నచ్చుతుందనే సంగతి దాచుకోవడానికి వాళ్ల దగ్గర్నుంచి దాన్ని లాగేశాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఈటీవీని ఆ రాత్రే మళ్లీ కిందికి దించాను. బుద్ధి మాత్రం అంత త్వరగా దిగలేదు.

కురొసావా టోక్యోలో పుట్టాడని, డి సికా బైసికిల్ థీవ్స్ 1948లో తీశాడని అప్పట్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆత్రేయ పుట్టింది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో అని నాకు తెలియదు. నేను తలుపేసుకుని విన్న పాటల్లో కొన్ని రాసింది మా తీరం మనిషే, 1921లో మా జిల్లాలోనే పుట్టాడు, నాటకాలతో మొదలుపెట్టి సినిమాకు పోయాడు. ఫిల్మ్ సొసైటీలో పుష్పక విమానం వేశారు. 1987లో వచ్చిన మాటల్లేని సినిమా అది. చూసి, దాన్ని తీసిన సింగీతం శ్రీనివాసరావు గురించి గంటసేపు వాదించాను. ఆయన నెల్లూరు జిల్లావాడని తెలియదు. మాయాబజార్‌లో చిన్నమయ్యగా వేసిన రమణారెడ్డిది జగదేవిపేట, వాణిశ్రీది నెల్లూరు, కత్తి పట్టుకుని భయపెట్టిన రాజనాలది కావలి. వీళ్లెవరి ఊరూ నేను ఎన్నడూ అడగలేదు. రమణారెడ్డి తెర మీద మా యాసలో మాట్లాడుతుంటే వసారాలో కూర్చున్నవాళ్లు తమలో ఒకడు మాట్లాడుతున్నట్టు నవ్వేవాళ్లు. మద్రాసులో ఆయన సినిమా చూస్తూ నా పక్కనున్నవాళ్లకు ఆ యాస మాదేనని చెప్పడానికి నోరు రాలేదు.

కొన్నేళ్లకు కొరియా సినిమాల పిచ్చి పట్టుకుంది. 2006లో అక్కడి ప్రభుత్వం, థియేటర్లు ఏడాదికి 146 రోజులు సొంత దేశపు సినిమాలు ఆడాలనే నిబంధనను 73 రోజులకు తగ్గించింది. అమెరికాతో వ్యాపార ఒప్పందం కోసం చేసిన పని అది. దర్శకులు, నటులు వీధుల్లోకి వచ్చారు. ఆ వార్త చదివి నా కళ్లు చెమర్చాయి. ఎంత అభిమానం, తమ సినిమాను ఎలా కాపాడుకుంటున్నారు అని అందరికీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఒకచోట నోరు కట్టేసినట్టయింది. కొరియావాళ్లు తమ సినిమా తాము చూసుకుంటే అభిమానం అన్నాను. మా పాళెంవాళ్లు తమది తాము చూసుకుంటే అజ్ఞానం అన్నాను. యూరప్‌లో చాలా దేశాల్లో హాలు వసూళ్లలో సగానికి పైగా హాలీవుడ్డే పట్టుకుపోతుంది. మన దేశంలో దాని వాటా పదోవంతు అటూ ఇటూ. అక్కడ చట్టాలు పెట్టి, సబ్సిడీలు ఇచ్చి నిలబెట్టుకోవలసి వస్తున్నదాన్ని ఇక్కడ వసారాలో చాప వేసుకుని కూర్చున్న జనం నిలబెట్టారు. టిక్కెట్టు కొని, కేబుల్ డబ్బు కట్టి, పండగ రోజు మైకులో పాట పెట్టుకుని నిలబెట్టారు. అలాంటి జనాన్ని మార్చాలని బయల్దేరాను నేను.

సొంతదనం అంటే ఏమిటో కూడా నాకు సరిగా తెలియలేదని తరవాత అర్థమైంది. నాలో పశ్చాత్తాపం మొదలయ్యాక ఇంకో కొసకు పోయాను. మన కథ, మన మనుషులు ఉంటేనే మనది అని వాదించడం మొదలుపెట్టాను. పాళెం ఆడవాళ్లు ఆ వాదనా నిలవనివ్వలేదు. 2017లో స్టార్ మాలో కార్తీక దీపం మొదలైంది. అది మలయాళం సీరియల్‌కు రీమేక్. దీప పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళీ, అక్కడా ఆ పాత్ర వేసింది ఆమే. ఇక్కడికి వచ్చేసరికి ఆమె వంటలక్క అయిపోయింది. మా వీధిలో ఎవరి కష్టం చెప్పుకోవాలన్నా ఆ పేరే వాడేవాళ్లు. 2016లో అరవం నుంచి వచ్చిన బిచ్చగాడు పల్లెపల్లెకూ పోయి నెలల తరబడి ఆడింది. హీరో ఎవరో తెలియదు, పెద్ద బ్యానర్ లేదు. తల్లి కోసం కొడుకు పడే తపన ఒక్కటి చాలింది. అదే జనం పెద్ద హీరోల సినిమాలను రెండో రోజుకే పక్కన పెట్టడం కూడా చూశాను. ఏది పడేస్తే అది చూస్తారని నేను అనుకున్న జనం వీళ్లే. తమ ఇంట్లో తాము మాట్లాడుకునే తీరున పలికితే ఎక్కడి కథైనా లోపలికి రానిస్తారు. పలక్కపోతే తెలుగుదైనా గుమ్మం బయటే.

2021లో ఉప్పెన వచ్చినప్పుడు పాళెం కుర్రాళ్లతో కలిసి చూశాను. ఉప్పాడ తీరంలో జరిగే కథ అది. హీరోయిన్ కోసం వచ్చారనుకున్నాను. పడవ తెర మీదకు రాగానే వాళ్ల మాటలు మొదలయ్యాయి. వాళ్ల పడవ అంచు మా దానికన్నా ఎత్తు, తాడు అట్టా కడతారా, వల మడత చూడు, ఇంజను ఏ కంపెనీది. యాస వేరైనా పని ఒక్కటే కదా. బయటికి వచ్చాక ఒకడు అన్నాడు: “మన పాళెం మీద ఎవురూ తియ్యరేందన్నా?” నా దగ్గర సమాధానం లేదు. మా తీరం నుంచి పాటగాళ్లు పోయారు, కవులు పోయారు, నటులు, దర్శకులు పోయారు. తెర మీద మాత్రం మా పట్టపుపాళేలు కనపడవు. మా యాస వినపడితే చాలాసార్లు నవ్వించడానికే. జనం తమ సినిమాను ఇంతగా ప్రేమించారు, ఆ సినిమా ఈ జనాన్ని అంతగా ప్రేమించిందా అనే ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. సీరియళ్లలో కోడళ్లను ఏడిపించే తీరు, హీరో వెంటపడి వేధించడాన్ని ప్రేమగా చూపించే తీరు నాకు నచ్చవు. పాళెంలో చాలామంది ఆడవాళ్లకూ నచ్చవు. చూస్తూనే తిడతారు. తిట్టే హక్కు వాళ్లకు చూడ్డంతోనే వచ్చింది. నేను మాత్రం చూడకుండానే తిట్టాను.

2019 ఆగస్టులో సూళ్లూరుపేట దగ్గర హైవే పక్కన పెద్ద థియేటర్ తెరిచారు. సాహోతో మొదలుపెట్టారు. తెర వెడల్పు వంద అడుగులు దాటుతుంది. ఆసియాలోనే అతిపెద్ద తెరల్లో ఒకటని పేరు. ఇటు పులికాట్ సరస్సు, ఆ అవతల శ్రీహరికోట, చుట్టూ వరిపొలాలు. ఆర్ఆర్ఆర్ చూడ్డానికి అక్కడికి వెళితే పార్కింగ్‌లో సగం టీఎన్ నంబరు కార్లే. ఒకప్పుడు మా వాళ్లు సినిమాలో పని కోసం మద్రాసు రైలెక్కారు. ఇప్పుడు మద్రాసువాళ్లు సినిమా చూడ్డానికి మంగళంపాడు పక్కకు వస్తున్నారు. హాలు నిండా కేకలు, ఈలలు. ఆ గోలలో నేనూ ఉన్నాను. ఈసారి దాచుకోలేదు.

అక్కడితో బాగుపడ్డానని చెప్పలేను. 2023 మార్చిలో నాటు నాటుకు ఆస్కార్ వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కారు. ఆ పొద్దున నేను ఫోన్లో ఎంతమందికి మెసేజ్‌లు పెట్టానో లెక్కలేదు. చూశారా మనవాళ్ల సత్తా అని మద్రాసు పాత స్నేహితులకు కూడా పెట్టాను. సాయంత్రం పాళెంలో ఒక పిల్లను ఆపి, మీరు ఎగిరే పాటకు అమెరికాలో బహుమతి వచ్చిందమ్మా అన్నాను. “మాకు ముందే తెలుసుగా, బాగుంటాదని,” అని పరిగెత్తింది. ఆ పాట 2021 నవంబరులో బయటికి వచ్చినప్పటి నుంచి వాళ్లు ఇసకలో ఆ అడుగులు వేస్తూనే ఉన్నారు. బయటివాళ్లు బాగుందన్నాకే గట్టిగా బాగుందనడం నేర్చుకున్నవాణ్ణి నేను. 1998లో బయటివాళ్ల చూపుతో నావాళ్లను తక్కువగా చూశాను, 2023లో అదే చూపుతో ఎక్కువగా చూశాను. రెండుసార్లూ నా కళ్లతో చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను.

ఆ రోజుల్లో మాకు లోకల్ ఛానల్ ఉండేది. వీసీఆర్‌లో క్యాసెట్టు పెడితే పాళెం మొత్తానికి కనపడేది. పెళ్లిళ్లు, తిరునాళ్లు, బడి వార్షికోత్సవాలు వేసేవాణ్ణి. అద్దె కెమెరాతో ఒక ఏడు శ్రీరామనవమి పందిరి తీశాను. ఆ పందిట్లో పెద్దమ్మ మైకు ముందు కూర్చుని పాడింది. పద్యనాటకంలో చిన్నప్పుడు విన్న పద్యాలు, తరవాత వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఒకటి. ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు వేసినా మళ్లీ వెయ్యమని అడిగేవాళ్లు. కొత్త సినిమా ఉన్నా సరే, నవమి క్యాసెట్టు పెట్టు అనేవాళ్లు. నాకు విసుగొచ్చేది. తమ మొహాలు తాము చూసుకోవడానికి ఇంత ఆరాటమా అనుకునేవాణ్ణి.

వీడియో క్యాసెట్టుకు వెనకవైపు చిన్న ప్లాస్టిక్ పెచ్చు ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద వేరేది రికార్డు కాదు. నవమి క్యాసెట్టుకు అది నేనే విరిచాను, పోకూడదని. ఒక రాత్రి స్టార్ మూవీస్‌లో నేను చాలాకాలంగా ఎదురుచూస్తున్న ఇంగ్లీషు సినిమా వస్తోంది. ఖాళీ క్యాసెట్టు లేదు. కొట్టు మూసేశారు. నవమి క్యాసెట్టు తీసి, విరిగిన పెచ్చు చోట సెల్లోటేపు అంటించి, రికార్డు నొక్కాను. పొరపాటున జరిగింది కాదు. కత్తెరతో టేపు కత్తిరించి, బొటనవేలితో నొక్కి అంటించాను. పెద్దమ్మ పాట ఎలాగూ వచ్చే నవమికి మళ్లీ పాడుతుంది, ఈ సినిమా మళ్లీ రాదు అనుకున్నాను. ఆ సినిమా ఇప్పుడు ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది.

తరవాతి నవమికి ఆమె గొంతు బాగాలేక పాడలేదు. ఆ తరవాత కాలం చేసింది.

2020 సెప్టెంబరు 25న బాలు పోయినప్పుడు కరోనా వల్ల ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. ఆ సాయంత్రం పెద్దమ్మ కూతురు మాస్కు కట్టుకుని మా ఇంటికి వచ్చింది. మధ్యాన్నం నుంచీ టీవీలో ఆయన పాటలే వేస్తున్నారన్నా, చూస్తుంటే అమ్మ గుర్తొచ్చింది, ఆ నవమి క్యాసెట్టు ఉంటే నా కొడుకు ఫోన్లోకి ఎక్కిస్తాడంట, డబ్బు ఎంతైనా ఇస్తా అంది. వెతుకుతానన్నాను. వారం తరవాత వస్తే, ఉప్పుగాలికి బూజు పట్టి పాడైందమ్మా అని చెప్పాను. ఆమె నమ్మింది. మా ఊళ్లో ఉప్పుగాలికి పాడవనిది లేదు కాబట్టి నమ్మింది. పోనీలే అన్నా, నువ్వేం చేస్తావు అని నన్నే ఓదార్చి పోయింది.

బూజు పట్టలేదమ్మా. క్యాసెట్టు నా బీరువాలో ఉంది, సెల్లోటేపు పసుపు రంగుకు తిరిగింది, లోపల ఇంగ్లీషు సినిమా ఉంది. సినిమా అయిపోయాక చివర్లో కొంత టేపు మిగిలింది. దాంట్లో పందిరి కనపడుతుంది, జనం లేచి పోతుంటారు, మైకు సర్దే కుర్రాడు కనపడతాడు. మీ అమ్మ పాట లేదు. ఇది ముందు నీకు చెప్పి తరవాత రాయాల్సింది. ఈ కాగితం అచ్చయ్యేలోపు వచ్చి చెబుతాను. ఆ పాట మీ అమ్మ నీకూ నేర్పిందని విన్నాను. దాన్ని రికార్డు చెయ్యమని నువ్వు నన్ను అడుగుతావో, ఇంకెవరినైనా అడుగుతావో, అది నీ ఇష్టం.